తలకిందుల ఎనిమిది

పోయినవారం పానాని కారు కింద వదిలేసి వచ్చాను. వారం రోజులుగా ఆవిడ అక్కడే వెల్లకిలా పడుకుని ఉందని బెంగపెట్టుకున్నవారికి ఒక మాట. కథలో గడిచింది అరనిమిషం. షెడ్డు గోడ మీది గడియారంలో ఇంకా మూడుంబావే. నాలుగింటికి ఆమె నాన్న పేరు మట్టిలో కలిసిపోతుంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవారి కోసం జరిగింది చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. పానా వాళ్ళ నాన్నను అందరూ మేస్త్రి అంటారు. చచ్చిన కార్లను లేపడంలో ఆయనకు యాభై ఏళ్ళ పేరుంది. పాకే వయసులో కూతురు పానా పట్టుకుని ఎవరు లాగినా వదల్లేదట, ఆ పేరు పెట్టింది ఆయనే. నలభై ఒకటో ఏట కూడా ఆమె చేతిలో అదే ఉంది. ఎవరెవరి కార్లో బాగుచేసిన మేస్త్రికి సొంత కారు ఒక్కటే, షెడ్డు మూలన వెనక చక్రాలు గోడకి ఆనించి నిలబెట్టిన ఆకుపచ్చ రేసు కారు. దాన్ని ఇంట్లో చిలక అంటారు. చిలక అసలైన బండి, ఒకప్పుడు పోటీల్లో పరిగెత్తింది అన్న మాట తప్ప దాని గురించి ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎవరు నడిపారు అని అడిగితే చాలు, ఏదో ఒక కార్బురేటరు విప్పుకుని కూర్చునేవాడు.

రెండు నెలల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. మాటలన్నీ పోయి ఒక్క మాట మిగిలింది. డాక్టరు ఇక వారాలు లేవు, రోజులే అన్నాడు. అప్పుడు పానా ఒక మంచి పని చేయబోయింది. మంచి పనులతోనే ఎక్కువ ఇళ్ళు కూలతాయని నా అనుభవం. చిలక పుట్టుపూర్వోత్తరాలు తేల్చి, ఇది ఫలానా కారు అని పాత కార్ల సంఘం నుంచి కాగితం తెప్పించి నాన్న చేతిలో పెడదామనుకుంది. దరఖాస్తు పెట్టింది. సంఘం వాళ్ళు చరిత్ర పరిశీలకుణ్ణి పంపారు. ఆయన మెడలో తాడుకి భూతద్దం వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆయన పేరు భూతద్దమే.

భూతద్దం రెండు రోజులు చూశాడు. చిలక అడుగున ముందువైపు అడ్డకమ్మీ మీద 69918 అన్న నంబరు ఉంది. అది కార్ఖానాలో కొట్టింది కాదు, ఎవరో చేత్తో కొట్టారు. కార్ఖానా చేసిన ఏ బండికీ ఆ నంబరు లేదు. పోటీల రిజిస్టరులోనూ లేదు. అంటే ఇది పాత సామాను అతికించి, దొంగ నంబరు కొట్టి, రేసు కారని చెప్పుకుంటున్న నకిలీ. నాలుగింటికి ఆ మాట రాసి సంతకం చేస్తానన్నాడు. సంతకం పడితే మేస్త్రి పేరు నకిలీలు చేసేవాళ్ళ జాబితాకెక్కుతుంది. ఆయన చేతి మీదుగా లేచిన పదకొండు కార్ల కాగితాలూ రద్దవుతాయి. యాభై ఏళ్ళు పేరు మోసిన మనిషి దొంగగా పోతాడు. అదంతా కూతురు తన చేత్తో నింపిన దరఖాస్తు పుణ్యం.

ఇదీ సంగతి. ఇక కారు కిందకి పదండి.

*

కాగితం ముక్కను అడ్డకమ్మీకి అదిమిపెట్టి పానా పెన్సిలు రుద్దుతోంది. బండి నంబరు తీయడానికి అది పాత పద్ధతి. లోహంలోకి దిగిన అంకెలు నల్లటి కాగితం మీద తెల్లగా లేస్తాయి. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ 69918 అనే లేచింది. ఇంకోలా ఎందుకు లేస్తుంది? అయినా ఆశకి సిగ్గుండదు కదా.

"అమ్మా, నేను ఫారం నింపడం మొదలుపెడతాను," అన్నాడు భూతద్దం. ఆయన చిలక పక్కన స్టూలు మీద నల్ల అట్ట రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పానా రెండు తిట్టి తేలికపడేది.

"ఇంకా ముప్పావుగంట ఉంది సార్."

"ఉంది. కానీ ఏముంది చూడ్డానికి?"

లోపలి గదిలోంచి ఆ ఒక్క మాట వినిపించింది.

"తిప్పు."

మేస్త్రికి మిగిలిన మాట అదే. రోజుకు ఇరవైసార్లు, ముప్పైసార్లు అంటాడు. అన్నప్పుడల్లా అమ్మ వెళ్ళి ఆయన భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి అవతలి పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పుతుంది. తిప్పిన కాసేపటికే మళ్ళీ తిప్పు అంటాడు. వీపు మండుతోందేమో, పుండ్లు పడుతున్నాయేమో అని అమ్మ పౌడరు రాస్తుంది. ఆయన ఎడమ కంట్లోంచి నీళ్ళు కారతాయి. రోగానికి ఏడుస్తున్నాడని అందరూ అనుకున్నారు.

"వస్తున్నానండీ," అంది అమ్మ. లోపల ఎక్కడో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

పానా కారు కింది నుంచి బయటికి జారి లేచింది. ఒళ్ళంతా గ్రీజు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు మనిషి తండ్రి దగ్గరికే పోతుంది. ఆ తండ్రి మాట పడిపోయి మంచంలో ఉన్నా సరే. కాగితం పట్టుకుని గదిలోకి వెళ్ళింది.

అమ్మ అప్పటికే ఆయన్ని గోడవైపు తిప్పి దుప్పటి సర్దుతోంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఇంకా నిటారుగా ఉంటుంది. ఎడమ బొటనవేలి గోరు మాత్రం రెండుగా చీలి వంకరగా పెరిగి ఉంటుంది. ఎప్పుడో కిటికీ తలుపు పడిందని చెబుతుంది. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక్క గుమ్మమే అయినా ఆమె ఆ గుమ్మం దాటి చిలక దగ్గరికి ఎన్నడూ రాలేదు. "దాన్ని సవతిలా చూస్తుందయ్యా మా ఆవిడ," అని మేస్త్రి నవ్వేవాడు. ఆ నవ్వుకి ఆమె ఎప్పుడూ బదులు నవ్వలేదు.

"అమ్మా, నాన్నని ఇటు తిప్పు. ఒక్కసారి అడుగుతాను."

"ఆయన్నేం అడుగుతావే? చెప్పగలిగితే చెప్పడా?"

"చెప్పలేకపోతే పోనీ. చూస్తాడు కదా."

పానా తనే ఆయన్ని తనవైపు తిప్పింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.  "నాన్నా, వాళ్ళు నిన్ను దొంగ అంటున్నారు. నేనే పిలిచాను వాళ్ళని. నా వల్లే. నువ్వు చెయ్యలేదని నాకు తెలుసు, కానీ ఎలా చెప్పను? ఏం చూపించను?"

ముందు ఫోన్లో తీసిన నంబరు ఫొటో చూపించింది. ఫోను అడ్డంగా పెట్టి ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. మేస్త్రి చూశాడు. ఎడమచెయ్యి మెల్లగా లేపి, ఫోను అంచు పట్టుకుని గుండ్రంగా తిప్పాడు. ఫోను తలకిందులైంది. తలకిందులైన మరుక్షణం తెర మీది బొమ్మ తనంతట తాను తిరిగి నిటారుగా నిలబడింది. 69918. ఆయన మళ్ళీ తిప్పాడు. బొమ్మ మళ్ళీ లేచి నిలబడింది. ఆయన మూడోసారి తిప్పి, గొంతులోంచి ఒక చప్పుడు చేసి, ఫోనుని దుప్పటి మీదకి నెట్టేశాడు.

"తిప్పు!" అన్నాడు. అది నొప్పితో అన్న మాట కాదు. పని చెడగొట్టిన శిష్యుడి మీద మేస్త్రి అరిచే అరుపు.

అమ్మ వెంటనే ముందుకు వచ్చి ఆయన భుజం కింద చెయ్యి వేసింది.

"ఆగమ్మా."

"తిప్పమంటున్నాడు కదే."

"ఆగు!"

పానా చేతిలో నల్లటి కాగితం ఉంది. కాగితానికి తెలివితేటలు లేవు, ఎటు తిప్పితే అటే ఉంటుంది. ఆమె దాన్ని దుప్పటి మీద పరిచింది. మేస్త్రి వేలు కాగితం మూల మీద ఆనించి, వణుకుతూ, ఆగుతూ, అర్ధచక్రం తిప్పాడు. తిప్పి, కళ్ళు మూసుకున్నాడు.

ఇప్పుడు కాగితం మీద ఉన్నది 69918 కాదు. 81669.

చురుకైన పాఠకులు ఈ సంగతి పైన నంబరు చూసినప్పుడే పట్టేసి ఉంటారు. వాళ్ళకు నా నమస్కారం. కానీ మీ నాన్న మంచంలో లేడు, మీ నెత్తి మీద గడియారం లేదు.  చిలక వెనక చక్రాలు గోడకి ఆని ఉన్నాయి. దాని కిందకి దూరాలంటే ముందు నుంచే దూరాలి, ఒకే పక్క తల పెట్టి పడుకోవాలి. ఈ షెడ్డులో ఆ నంబరు చూసిన ప్రతివాడూ దాన్ని ఒకే పక్క నుంచి చూశాడు. అవతలి పక్క నుంచి చూసినవాడే లేడు.

రెండు నెలలుగా ఆయన చెబుతూనే ఉన్నాడు. వీళ్ళు పౌడరు రాస్తూ ఉన్నారు. పానా నాన్న చెయ్యి తీసుకుని మొహానికి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ మాత్రం కదల్లేదు. దుప్పటి మీద పడ్డ ఫోనుకేసి చూస్తూ నిలబడిపోయింది.

*

"కాగితాన్ని ఎటు తిప్పితే అటు చదువుకోవచ్చమ్మా," అన్నాడు భూతద్దం. నాలుగింటికి ఇంకా పదిహేను నిమిషాలున్నాయి. "మీ బాధ నాకు తెలుసు. కానీ నేను బాధని రాయలేను, అంకెని రాస్తాను. ఆరుకీ తొమ్మిదికీ ఒకటే అచ్చు. ఒకటికి తలా తోకా లేవు. ఇది తలకిందులుగా ఉందని ఏమిటి ఆధారం?"

 నిజమే, ఏమిటి ఆధారం? అంతదాకా వచ్చిన ప్రాణం మళ్ళీ జారిపోయింది. పానా కాగితం కేసి చూసింది. పాతగా చదివినట్టు పెట్టి చూసింది. తిప్పి చూసింది. మళ్ళీ పాతగా పెట్టింది. ఆరు, తొమ్మిది, తొమ్మిది, ఒకటి, ఎనిమిది.

ఎనిమిది.

"సార్, మీ అద్దం ఇవ్వండి."

"నేను చూస్తాను, చెప్పండి."

"ఎనిమిది చూడండి. ఎనిమిదికి పొట్ట ఎక్కడుంటుంది?"

భూతద్దం వంగాడు. అచ్చు ఎవరు చేసినా ఎనిమిదికి పై సున్న చిన్నది, కింది సున్న పెద్దది, లేకపోతే అది బోర్లా పడ్డట్టు కనిపిస్తుంది. ఈ ఎనిమిదికి పొట్ట పైన ఉంది. పాపం ఇన్నేళ్ళుగా తల కింద పెట్టి, కాళ్ళు పైకెత్తి, ఎవరైనా చూస్తారేమో అని అక్కడే నిలబడి ఉంది.

ఆయన చాలాసేపు అద్దం తీయలేదు. తీసినప్పుడు మొహం మారింది. రెండు రోజుల్లో మొదటిసారి ఆయన పానాని తలెత్తి సరిగ్గా చూశాడు.

"నాకు ముప్పై ఏళ్ళ అనుభవం," అన్నాడు నెమ్మదిగా. "నా టాబ్లెట్ కూడా ఫొటోని ఎప్పటికప్పుడు నిలబెట్టేస్తుంది. క్షమించండమ్మా."

పానా కాగితాన్ని తిప్పి, 81669 అని కనబడేలా పెట్టింది. 

"ఒక్కటి," అన్నాడాయన మళ్ళీ వంగి. "ఈ రెండో ఆరు మీద సుత్తి రెండుసార్లు పడింది. గీత జంటగా ఉంది, చూడండి."

"మా నాన్న ఒక్క దెబ్బే వేస్తాడు సార్. ఆయన చెయ్యి..." అంటూ పానా ఆగిపోయింది. ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ దాని బరువు తెలియలేదు. నాన్న ఎప్పుడూ ఒక్క దెబ్బే వేస్తాడు. రెండో దెబ్బ వేసిన శిష్యుల్ని షెడ్డు బయట నిలబెట్టేవాడు. మరి ఇది?

భూతద్దం అప్పటికే రిజిస్టరు తిరగేస్తున్నాడు. నంబరు వారీగా ఉన్న పుస్తకం. ఎనభై ఒక్క వేలు, ఆరువందలు, అరవై... ఆయన వేలు ఆగింది.

"ఉంది," అన్నాడు. "అమ్మా, ఉంది!"

ఆ కాసేపూ ఇద్దరూ పిల్లలైపోయారు. చదివేది ఆయన, వినేది ఆమె. మొదటి యజమాని ఓడరేవు ఆసుపత్రిలో పనిచేసిన ఒక వైద్యురాలు. కొన్న ఏడాదే కొండ ఎక్కే పోటీలో ఆవిడే నడిపి రెండో స్థానం తెచ్చుకుంది. ఆవిడ పోయాక బండి మేనల్లుడికి వచ్చింది. ఆ మేనల్లుడు ఇసుక మైదానంలో పందెం గెలిచాడు. రంగు, ఆకుపచ్చ. పానాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చిలకకి ఇన్నాళ్ళకి ఊరూ పేరూ వచ్చింది. మేస్త్రి దొంగ కాడు. లోపలికి పరిగెత్తి ఆ మాట నాన్న చెవిలో చెప్పాలని గుమ్మంవైపు తిరిగింది.

"ఆగండమ్మా," అన్నాడు భూతద్దం.

ఆ గొంతు విని ఆమె ఆగింది.

"మూడో పోటీ కూడా ఉంది." ఆయన చదవలేదు. ముందు తను మనసులో చదువుకున్నాడు. తర్వాత ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాడు. "యాభై ఎనిమిదేళ్ళ కిందట. రోడ్డు మీద పోటీ. మేనల్లుడికి జ్వరం, రాలేదు. ఆయన బదులు ఎవరో హెల్మెటు పెట్టుకుని ఎక్కారు. పేరు రాసుకోలేదు. ఏడో చుట్టులో బండి మలుపు దగ్గర అదుపు తప్పి, జెండా ఊపే మనిషిని కొట్టింది. అతను చనిపోయాడు. బండి ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు." ఆయన పేజీ కింద వేలు పెట్టాడు. "బండిలో పక్క సీట్లో ఒక మెకానిక్ ఉన్నాడట. మలుపు దగ్గర చూసినవాళ్ళు చెప్పారు. అతని కుడిచెయ్యి విరిగి వేలాడుతోందని."



మేస్త్రి కుడి మోచెయ్యి వంకర. పక్షవాతం రాకముందు కూడా వంకరే. లోకంలో అన్నీ బాగుచేస్తాడు, తన మోచెయ్యి తప్ప అని ఈ వీధిలో అందరూ హాస్యమాడే మోచెయ్యి అది. భూతద్దానికి ఆ హాస్యం మొన్న టీ తాగుతూ పానాయే చెప్పింది.

"మీ నాన్నగారి చెయ్యి ఎప్పుడు విరిగిందమ్మా?"

 ఇరవై నిమిషాల కిందట పానా నాన్న దొంగ. పది నిమిషాల కిందట దేవుడు. ఇప్పుడు మనిషిని చంపి పారిపోయిన బండిలో కూర్చున్నవాడు, లేదా దాన్ని నడిపినవాడు. చనిపోయేముందు నాన్న చెవిలో చెప్పడానికి ఇదా ఆమె తవ్వి తీసింది? నంబరు తలకిందులుగానే ఉండనిస్తే పోయేది. నకిలీ అనే రాసుకొమ్మంటే పోయేది. ఇప్పటికైనా ఆ కాగితం చింపేస్తే? ఆమె చేతులు నిజంగానే కాగితం మీదకి వెళ్ళాయి.

"నాలుగవుతోంది," అన్నాడు భూతద్దం, చాలా మెత్తగా. కలం మూత తీశాడు. "నేనేదో ఒకటి రాయాలి. పక్కన కూర్చున్నది మేస్త్రి అయితే, నడిపింది ఎవరో ఆయనకే తెలుసు. ఆయన చెప్పలేరు. అలాంటప్పుడు లోకం ఏమనుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నకిలీ అని రాయనా, ఈ నంబరు రాయనా? మీరే చెప్పండమ్మా."

"తిప్పు," అన్నాడు లోపల మేస్త్రి.

ఈసారి ఆయన్ని తిప్పడానికి ఎవరూ వెళ్ళలేదు. అమ్మ గుమ్మం దగ్గర ఉంది. ఎప్పటి నుంచి అక్కడ ఉందో తెలియదు. ఆమె గుమ్మం దాటింది. నలభై ఒక్క ఏళ్ళలో పానా ఆ అడుగు చూడటం అదే మొదటిసారి. ఎవరి వంకా చూడకుండా, నేల మీద నూనె మరకల్ని తప్పుకుంటూ, తిన్నగా చిలక దగ్గరికి నడిచింది.

చిలక తలుపు మొండిది. భూతద్దం రెండు రోజులు గుంజి వేళ్ళు చెక్కుకుపోయేలా చేసుకున్నాడు. పిడి కింద మోకాలితో చిన్నగా పొడిచి, అదే ఊపులో పైకెత్తి లాగితే తప్ప అది రాదు. ఆ కిటుకు పట్టుబడటానికి పానాకే రెండేళ్ళు పట్టింది.

అమ్మ మోకాలితో పొడిచింది. ఎత్తింది. లాగింది. తలుపు తెరుచుకుంది. ఆమె వంగి, స్టీరింగు వెనక కూర్చుని, చూడకుండానే కాలితో క్లచ్ వెతుక్కుని దాని మీద పాదం పెట్టింది.

"రాసుకో నాయనా," అంది. "ఆ రోజు ఆయన పక్క సీట్లో ఉన్నాడు. ఈ సీట్లో నేనున్నాను."

"అమ్మా!"

"ముందు కమ్మీ వంగిపోతే మార్చాం. నంబరు లేని బండి దిక్కులేనిదైపోతుంది, కొట్టు, అన్నాడు మీ నాన్న. ఆయన చెయ్యి కట్టులో ఉంది. నేనే కింద పడుకుని కొట్టాను. ఏ పక్కకి తల ఉండాలో నాకేం తెలుసు? రెండో ఆరు దగ్గర సుత్తి జారి వేలి మీద పడింది." ఆమె చీలిన గోరును స్టీరింగు మీద ఆనించింది. "తలకిందులైందని ఆయనే చూశాడు. పోనీలే, ఇక ఎవరికీ దొరకదు, ఎప్పుడో ఒకరోజు నీకు ధైర్యం వచ్చినప్పుడు నువ్వే తిప్పి చదివించు, అన్నాడు."

పానా కారు తలుపు పట్టుకుని వంగింది. "అయితే నాన్న తిప్పు అన్నప్పుడల్లా..."

"నాతో అంటున్నాడు. నీతో కాదు. నాకు మొదటిరోజే తెలుసు." అమ్మ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. "తెలిసి కూడా మంచం మీద ఆయన్నే తిప్పుతూ వచ్చానే, తల్లీ."

లోపలి గదిలో ఇన్నాళ్ళుగా అరిచిన మనిషి ఇప్పుడు వింటున్నాడు. భూతద్దం కలం ఫారం మీదకి దింపాడు, కానీ రాయలేకపోయాడు. 

"అయితే... మనిషిని కొట్టి, ఆగకుండా వెళ్ళిపోయారన్నది?"

అమ్మ ముందు అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తోంది. అక్కడ ఆమెకి ఏ మలుపు కనబడుతోందో.

"ఆ ముక్క కొట్టెయ్ నాయనా. అది రాసింది ఎవరో గానీ, అబద్ధం రాశారు," అంది. "మేం ఆగాం. నేను దిగి అతని దగ్గరికి వెళ్ళాను. అప్పటికి అతను బతికే ఉన్నాడు."